రామలింగ బోల్డ్

తెలుగు భాషను తాను ఒంటిచేత్తో కాపాడబోతున్నట్టు ప్రజాసంతృప్తి శాఖామాత్యులు శ్రీ రామలింగేశ్వరరావు గారు సోమవారం పొద్దున సంగారెడ్డిలోని ఒక ఫంక్షన్ హాల్లో విలేకరులకు ప్రకటించారు. రెండో చేతిలో మిర్చి బజ్జీ ఉంది కాబట్టి ఒంటిచేత్తో అన్న మాటలో అతిశయోక్తి ఏమీ లేదు.

కాపాడే సాధనాన్ని కూడా వారు అక్కడికక్కడే విడుదల చేశారు. అది మంత్రిగారి సొంత చేతిరాతతో తయారైన కంప్యూటర్ ఫాంటు. పేరు 'రామలింగ బోల్డ్'. మిగతా ఫాంట్లలో వాలు రాత, సన్న రాత కూడా ఉంటాయి కదా, ఇందులో లావు రాత ఒక్కటే ఎందుకుందని ఒక విలేకరి అడిగాడు. దానికి మంత్రిగారు తడుముకోకుండా జవాబిచ్చారు. వాలు రాత పెట్టలేదు, ఎందుకంటే వారు ఎవరి వైపూ వాలరు. లైట్ అనే సన్న రాత పెట్టలేదు, ఎందుకంటే వారిని ఎవరూ లైట్ తీసుకోకూడదు. హాలంతా చప్పట్లు కొట్టింది. అడిగిన విలేకరి కూడా కొట్టాడు. బజ్జీలు ఇంకా రెండు ప్లేట్లు మిగిలి ఉన్నాయి.

"ఇగ నుంచి నా శాఖల ప్రతి కాగితం నా అక్షరంలనే వస్తది," అన్నారు మంత్రిగారు. "మొదటి పని పై శుక్రవారమే. మూడు వందల పన్నెండు మంది పేదలకు నా చేతులతోటి ఇంటి పట్టాలు ఇస్తున్న. పట్టా నాదే, అక్షరం నాదే!"

స్థలం ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు. శుభమా అని ఫాంటు విడుదలవుతుంటే అలాంటివి అడగడం మర్యాద కాదు.

ఈ వార్త పేపర్లో చదివి పటాన్‌చెరులో అందరికంటే ఎక్కువ సంబరపడిన మనిషి క్లారా. బస్టాండు ఎదుటి సందులో ఆమెకు డీటీపీ, జిరాక్స్, లామినేషన్ షాపు ఉంది. పెళ్లి కార్డులు, చర్చి కరపత్రాలు, కిరాయి అగ్రిమెంట్లు, 'హెల్మెట్ లేనిదే లోపలికి రాకూడదు' అనే ఫ్యాక్టరీ బోర్డులు పదహారేళ్లుగా ఆమె చేతుల్లోనే తయారవుతున్నాయి. ఆమె సంబరం ఫాంటు గురించి కాదు. ఆ మూడు వందల పన్నెండు మందిలో నూట నలభై ఏడో పేరు వాళ్లమ్మ సువార్తమ్మది.

సువార్తమ్మ ఎప్పుడో తెనాలి వైపు నుంచి, భర్తకు ఇక్కడ ఫ్యాక్టరీలో పని దొరికితే ఆయన వెంట వచ్చింది. ఫ్యాక్టరీ ప్రహరీని ఆనుకుని ఉన్న గోడబస్తీలో రెండు గదులు వేసుకున్నారు. మంత్రిగారి లిస్టులోని మూడు వందల పన్నెండు ఇళ్లూ ఆ బస్తీవే. ఇరవై ఆరేళ్లయింది. ఆ మధ్యలో భర్త పోయాడు, ఫ్యాక్టరీ మూడు చేతులు మారింది, ఆ రెండు గదుల స్థలం ఎవరిదో మాత్రం తేలలేదు. ఏడాదికోసారి ఎవరో ఒకరు టేపు పట్టుకుని వచ్చి కొలుచుకుని పోతారు. టేపు కనబడిన రోజు సువార్తమ్మకు అన్నం సహించదు. పట్టా ఒక్కటి చేతిలో పడితే ఆ టేపును చూసి నవ్వొచ్చని ఆమె ఆశ. రోజూ ప్రార్థనలో ఆమె అడిగేది అదొక్కటే.

"ఏమే, నిజంగా ఇస్తారంటావా?" అని అడిగింది కూతుర్ని.

"పేపర్ల వచ్చిందమ్మా."

"పేపర్లో వచ్చినవన్నీ ఇచ్చుంటే నేనీపాటికి జమీందారిణయ్యేదాన్ని," అని సువార్తమ్మ చింతపండు పిసకడంలో పడింది. అయినా ఆ రోజు చారులో రెండుసార్లు ఉప్పు వేసింది. ఆమె మనసు ఎక్కడుందో క్లారాకు తెలిసిపోయింది.

మంగళవారం మంత్రిగారి పీఏ భీమశంకరం షాపుకు వచ్చాడు. ఎద్దు ఈనిందని మంత్రిగారంటే దూడను గాటన కట్టేసి, పాలు కూడా పితుక్కొచ్చే మనిషి ఆయన. చేతిలో పట్టుగుడ్డ. అందులో కుంకుమబొట్టు పెట్టిన పెన్‌డ్రైవ్.

"అమ్మాయ్, ఆహ్వాన పత్రాలు, నలభై అడుగుల ఫ్లెక్స్, మూడు వందల పన్నెండు పట్టాలు, అన్నీ నీకే. ఒకటే షరతు. అంతా మంత్రిగారి అక్షరాల్లో ఉండాలి. చెప్పులు విప్పి పెట్టు ఆ పెన్‌డ్రైవ్."

క్లారా చెప్పులు విప్పింది. ఫాంటు కంప్యూటర్లో ఎక్కించింది. భీమశంకరం చెబుతుంటే ఫ్లెక్స్ మీది మాటలు టైపు చేసి తలెత్తి చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. తెర మీద ఇలా ఉంది.

'పజాసంతృపి శాఖామాతులు శీ రామలింగేశరరావు గారి చేతుల మీదుగా పేదలకు ఇంటి పటాల పంపిణీ. అందరూ ఆహానితులే.'

అక్షరాలన్నీ ఉన్నాయి. ఒత్తులు ఒక్కటీ లేవు. ప్రజలకు రావత్తు పోయింది, మంత్రిగారి పేరులో వావత్తు పోయింది, పట్టాల కింద టావత్తు పోయి పటాలయ్యాయి. ఆఖరి మాటలో ఆహ్వానం పోయి హాని మిగిలింది.

అనుమానం వచ్చి క్లారా నిన్న టైపు చేసిన చర్చి కరపత్రం తెరిచింది. 'స్త్రీల కూడిక' కాస్తా 'సీల కూడిక' అయి కూర్చుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మంత్రిగారి ఫాంటు వచ్చి పాత ఫైళ్లలోని ఒత్తులను కూడా మింగేసింది. ఆమె రెండు ఫాంట్లనూ తెరిచి లోపలి వివరాలు పక్కపక్కన పెట్టి చూసింది. పది నిమిషాల్లో జబ్బు దొరికింది.

"సార్, మీ ఫాంటు మీద పేరు రామలింగ అని ఉన్నది గానీ, లోపలి పేరు చామంతి. నేను రోజు వాడే ఫాంటు పేరు గూడ చామంతే. ఒక్క పేరు మీద ఇద్దరుంటే కంప్యూటర్ పరేషాన్ అయితది. చామంతి అని పిలిస్తే మీది ఉరికొస్తున్నది. మీ దాంట్ల ఒత్తులు అసలు లేనే లేవు."

"మంత్రిగారి దాంట్లో లేకపోవడమేంటి అమ్మాయ్? మాట జాగ్రత్త," అని భీమశంకరం వెంటనే సాంకేతిక సలహాదారుకు ఫోన్ చేశాడు.

సాంకేతిక సలహాదారు అమీన్‌పూర్ నుంచి గంటలో దిగాడు. పేరు సందీప్. మంత్రిగారి మేనల్లుడు, ఐటీ ఉద్యోగి, రామలింగ బోల్డ్ రూపకర్త. వస్తూనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అక్కా, రీస్టార్ట్ కొట్టినవా?"

"నాలుగుసార్లు కొట్టిన."

"అయితే నీ కంప్యూటరే ప్రాబ్లం. పాతగైంది."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అతను అరగంట సేపు కీబోర్డును, ఎలుకను, కరెంటును, పటాన్‌చెరు దుమ్మును వరసగా తప్పుపట్టాడు. భీమశంకరం టీ చెప్పడానికి బయటికి వెళ్లగానే గొంతు తగ్గించాడు.

"నిజం చెప్తున్న అక్కా. మామ అక్షరాలన్ని రాసిచ్చిండు. ఒత్తులు రేపు రాస్త అన్నడు. ఆ రేపు రానే లేదు. మొత్తం కొత్తగ చేసుడు లేటయితదని నేను చామంతినే తీసుకొని, దాంట్ల మామ అక్షరాలు పెట్టిన. ఒత్తుల జాగ ఖాళీ ఉంచిన. లోపలి పేరు మార్చుడు మర్చిపోయిన."

"రెంట్ల ఒకటి తీసేయాలె," అంది క్లారా.

టీతో తిరిగొచ్చిన భీమశంకరం ఆ మాట విన్నాడు. "పాతది తీసేయ్. అంతేగా?"

"పాతది తీసేస్తే ఒత్తులు ఇగ ఎప్పటికీ రావు సార్. మంత్రిగారిది తీసేస్తే అన్నీ వస్తయి. చూపిస్త," అని ఆమె మీట నొక్కింది. తెర మధ్యలో పెట్టె వచ్చింది. 'రామలింగను శాశ్వతంగా తొలగించమంటారా?'

భీమశంకరం చేతిలో టీ ఒలికింది. ఆయన ఒక్క దూకు దూకి గోడకున్న మెయిన్ స్విచ్ ఆపేశాడు. షాపు మొత్తం చీకటైంది.

"అమ్మాయ్! వచ్చే ఎన్నికల్లో ఆ టికెట్టు ఆశించే వాళ్లు కూడా ఆ మాట బయటికి అనరు!"

కరెంటు వచ్చాక క్లారా ఇంకో దారి చెప్పింది. ఒత్తుల్లేని మాటలతోనే ఫ్లెక్స్ రాద్దామంది. 'ఇంటి పట్టాలు' బదులు 'ఇంటి కాగితాలు' అంటే సరిపోతుంది, ఒక్క ఒత్తూ అక్కర్లేదు. భీమశంకరానికి నచ్చింది. కానీ మంత్రిగారి పేరులోని ఒత్తును ఏం చెయ్యాలో ముగ్గురికీ తోచలేదు. పేరు మార్చుకోమని మంత్రిగారిని అడిగే ధైర్యం ముగ్గురిలో ఎవరికీ లేదు. చివరికి ఫోన్ స్పీకర్లో పెట్టి సమస్యను వారికే విన్నవించుకున్నారు.

"ఒత్తులు లేకుంటే ఏమైతదయా?" అంది ఫోను. "ప్రజల మీద ఒత్తిడి తగ్గాలె అని ముప్పై ఏండ్ల సంది మొత్తుకుంటలేనా? ఒత్తులు లేని పాలన. రాసుకో భీమశంకరం. మల్ల సభల చెప్తా."

భీమశంకరం రాసుకున్నాడు. సమస్య పరిష్కారమైందని సందీప్ అమీన్‌పూర్ వెళ్లిపోయాడు. ఇంత వేగంగా నిర్ణయం తీసుకోగల నాయకుడు మనకు దొరకడం మన అదృష్టమే.

క్లారా మాత్రం భీమశంకరానికి అడ్డం నిలబడింది. "సార్, ఫ్లెక్స్ మీ ఇష్టం. పట్టాలు మాత్రం పాత ఫాంటుల కొట్టనియ్యండి. దీంట్ల కొడితే మా అమ్మ సువార్తమ్మ కాదు, సువారమ అయితది. రేపు ఎవడన్న వచ్చి సువారమ ఎవరని అడిగితే మేం ఎవరిని చూపియ్యాలె?"

భీమశంకరం ఆలోచించాడు. "పట్టాలు ఎవరు చదువుతారమ్మా? పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటారు. చదివేది ఫ్లెక్సే. కానియ్."

షాపు మూలన ఇంకో కంప్యూటర్ ఉంది. దానికి పెన్‌డ్రైవ్ పెట్టే చోటు పాడై మూడేళ్లయింది. అందుకే మంత్రిగారి ఫాంటు దాని జోలికి పోలేదు. క్లారా దాని ముందు కూర్చుని మూడు వందల పన్నెండు పేర్లు, ఇంటిపేర్లు, హద్దులు టైపు చేసి మందపాటి కాగితం మీద ప్రింటు తీసింది. నూట నలభై ఏడో కాగితం మీద తల్లి పేరు తావత్తుతో, మావత్తుతో నిండుగా కనబడగానే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గురువారానికల్లా ఆ కట్ట మీద అధికారుల సంతకాలు పడ్డాయి, ముద్రలు పడ్డాయి, రిజిస్టర్లో నంబర్లు ఎక్కాయి. కట్ట మళ్లీ క్లారా షాపుకే వచ్చింది, సభ రోజు వేదిక మీదికి ఎత్తుకెళ్లడానికి.

మరుసటి మంగళవారం పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ఫ్లెక్స్ లేచింది. నలభై అడుగుల్లో మంత్రిగారు నమస్కారం పెడుతున్నారు. కింద, వారి చేతిరాతలో, 'పేదలకు ఇంటి పటాల పంపిణీ' అని ఉంది. పొద్దున్నే షిఫ్టుకు పోయే కార్మికులు బస్సు కిటికీల్లోంచి చదువుకుని, ఏ దేవుడి పటాలో అనుకున్నారు. తొమ్మిదింటికి మంత్రిగారి కారు అటుగా వచ్చింది. వారు తమ అక్షరాలను చూసుకుని మురిసిపోవడానికి కారు ఆపించారు. అప్పటికే అక్కడ కాచుకుని ఉన్న విలేకరి ఒకడు మైకు పెట్టాడు.

"సార్, పట్టాలు అన్నరు. గీడ పటాలు అని ఉన్నది. తప్పు పడ్డదా సార్?"

భీమశంకరం ముఖం పాలిపోయింది. ముప్పై ఏళ్ల ప్రజాజీవితంలో రామలింగేశ్వరరావు గారు తప్పు జరిగిందని ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. ఒకసారి వేరే ఊళ్లో వేరే పార్టీ సభకు పొరపాటున వెళ్లి కూడా, మొత్తం ఉపన్యాసం ఇచ్చే దిగారు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"తప్పేంది? ఎవని తప్పు?" అన్నారు మంత్రిగారు. "పటాలంటే పటాలే. నా పటాలు. పేదోని ఇంట్ల దేవుని పటం ఉంటది, తాతల పటం ఉంటది, నాయకుని పటం ఉండద్దా? మూడు వందల పన్నెండు ఇండ్లకు ఫ్రేము కట్టిచ్చి, అద్దం పెట్టిచ్చి ఇస్తున్న. దేశంల ఏ మంత్రన్న ఇచ్చిండా?"

ఏ మంత్రీ ఇవ్వలేదన్నది నిజమే. మర్నాడు పేపర్లన్నీ ఆ మాటే రాశాయి.

మంగళవారం మధ్యాహ్నమే భీమశంకరం చెమటలు కక్కుతూ షాపుకు వచ్చాడు. వెంట పటాలు కట్టే ఐలన్నను కూడా తీసుకొచ్చాడు. సంగారెడ్డి పాత బస్టాండు దగ్గర ఐలన్న నలభై ఏళ్లుగా దేవుళ్లకూ పెద్దలకూ పటాలు కడుతున్నాడు. బతికున్న మనిషికి ఇన్ని పటాలు కట్టడం ఆయనకూ ఇదే మొదలు.

"సార్, దండలు గూడ కావాల్నా?" అని అడిగాడు, అలవాటు కొద్దీ.

"నోరు మూసుకో," అన్నాడు భీమశంకరం.

క్లారాకు ఇవేవీ వినబడలేదు. "సార్, మరి పట్టాలు?" అంది.

"పట్టాల్లేవు అమ్మాయ్."

"సంతకాలు గూడ అయినయి కద సార్!"

"అయ్యాయి. రిజిస్టర్లో కూడా ఎక్కాయి. కానీ ఇప్పుడు పట్టాలూ పటాలూ రెండూ ఇస్తే ఏమవుద్ది? ముందు అనుకున్నది పట్టాలేనని జనానికి తెలిసిపోద్ది."

"అయితే రద్దు చేస్తరా?"

"రద్దు చెయ్యాలంటే ఫైలు పెట్టాలి. ఫైలు పెట్టాలంటే తప్పు జరిగిందని రాయాలి. మా శాఖలో తప్పు జరగదు. అందుకని రద్దూ చెయ్యం, ఇవ్వం. ఆ కట్ట ఎక్కడో మూలన పడెయ్. మళ్లీ నాతో దాని మాటెత్తకు."

క్లారా ఆ కట్టను పడెయ్యలేదు, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇరవై ఆరేళ్ల ఎదురుచూపు ఒక టావత్తు కింద నలిగిపోయింది. ఆ ఒత్తు ఊడిందని మొదట చెప్పింది తానే. ఇంటికి వెళ్లి తల్లి ముఖం ఎలా చూడాలో ఆమెకు తెలియలేదు.

ఈలోగా ఐలన్న లెక్కలు చూసుకుని తల గోక్కున్నాడు. "సార్, ఫ్రేములున్నయి, అద్దాలున్నయి. ఎనుక పెట్టే అట్టలు లేవు. మూడొందల అట్టలు గిప్పటికిప్పుడు ఏడ దొరుకుతయి? అట్ట లేకుంటే మంత్రిగారి ఫొటో ఫ్రేములకెల్లి జారి కిందవడ్తది."

మంత్రిగారు జారి కిందపడటం అన్న మాట భీమశంకరాన్ని బాగా కలవరపెట్టింది. "అట్ట లేకపోతే ఏదో మందం కాగితం పెట్టవయ్యా! వెనకాల ఎవడు చూస్తాడు?"

క్లారా తలెత్తింది. "ఏ కాగితమైనా సరేనా సార్?"

"ఏదైనా సరే."

"మందంగుంటే చాలు గద?"

"ఎన్నిసార్లు చెప్పాలి అమ్మాయ్? గట్టిగా నిలబడితే చాలు!"

"ఇంకొకటి సార్. పటాలు లిస్టు ప్రకారం, నంబరు ప్రకారం పేరు పిలిచి ఇయ్యాలె. లేకుంటే మంత్రిగారి ఫొటో నాకు ముందంటే నాకు ముందని కొట్లాడుకుంటరు."

తమ నాయకుడి ఫొటో కోసం జనం కొట్టుకునే దృశ్యం భీమశంకరం కళ్లకు కట్టింది. ఆయన ముఖం వెలిగిపోయింది. అలాగే చెయ్యమని చెప్పి వెళ్లిపోయాడు.

అది మొదలు రెండు రోజులు క్లారా షాపులో లామినేషన్ మిషన్ ఆగలేదు. పక్క షాపు వాళ్లు ఏంటంత పని అని అడిగితే మంత్రిగారి పని అని చెప్పింది. ఐలన్న ఒక్కో ఫ్రేములో ఒక్కో ఫొటో పెట్టి, క్లారా అందించింది వెనక పెట్టి, చుట్టూ మేకులు కొట్టాడు. మొదటి దాని వెనకవైపు ఆయన ఒకసారి చూశాడు, క్లారా వైపు ఒకసారి చూశాడు.

"దేవుళ్లకు గూడ గింత మంచి అట్ట పెట్టలేదు బిడ్డా నేను," అని రెండో మేకు అందుకున్నాడు.

శుక్రవారం సంగారెడ్డిలో సభ దివ్యంగా జరిగింది. 'ఒత్తులు లేని పాలన' అని మంత్రిగారు పదకొండుసార్లు అన్నారు. పేర్లు వరసగా పిలిచారు. పటం అందుకున్న ప్రతివారి భుజం మీద వారు చెయ్యి వేసి, కెమెరా వైపు నవ్వారు. నూట నలభై ఏడో పేరు పిలవగానే సువార్తమ్మ తెల్లచీర కొంగు సర్దుకుని వేదిక ఎక్కింది. ఆమె చేతిలో అడుగెత్తు మంత్రిగారు పడ్డారు. ఆమె దాన్ని పైకీ కిందికీ చూసింది. వందనాలని చెప్పి దిగింది. కింద క్లారా దగ్గరికి వచ్చేసరికి కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"పటం ఇచ్చారు, బాగానే ఉంది. మేకు కొట్టి తగిలించుకోడానికి గోడ మనదవ్వాలి కదే?"

"అమ్మా, జెర నిమ్మలంగుండు. ఇంటికి పోయినంక తిప్పి సూడు."

"ఏముందే చూడ్డానికి? ముందు ఆయన మొహం, వెనకాల అట్ట."

"తిప్పి సూడమన్న గద!"

సువార్తమ్మ ఇంటి దాకా ఆగలేదు. ఆటోలోనే ఒళ్లో పెట్టుకుని తిప్పి చూసింది. మెరిసే ప్లాస్టిక్ లోపల ఆమె పేరు ఉంది. భర్త పేరు ఉంది. నాలుగు వైపులా హద్దులున్నాయి, గుండ్రని ముద్ర ఉంది, ఆకుపచ్చ సిరాతో సంతకం ఉంది. ఆమె ఆటోలోనే పాట అందుకుంది. డ్రైవర్ బీహార్ కుర్రాడు. భాష తెలియకపోయినా ముత్తంగి దాటేదాకా తాళం వేశాడు. ఆ సాయంత్రం గోడబస్తీలో చీకటి పడకముందే మూడు వందల పన్నెండు పటాలూ తిరిగిపోయాయి.

రెండు నెలలకు మామూలుగానే ఒకతను టేపు పట్టుకుని వచ్చాడు. సువార్తమ్మ కుర్చీ వేసి కూర్చోబెట్టింది, గోడ వైపు చెయ్యి చూపించింది. అతను దగ్గరికెళ్లి చదువుకున్నాడు, టేపు చుట్టుకున్నాడు, ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. ఆ రోజు ఆమె రెండు పూటలా కడుపునిండా తింది.

మూడో నెలలో రామలింగేశ్వరరావు గారికి ఒక అద్భుతమైన ఆలోచన వచ్చింది. తమ పటాలు ప్రజల గుండెల్లో ఏ స్థాయిలో ఉన్నాయో తేల్చమన్నారు. భీమశంకరం పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా పాత సామాన్ల షాపులన్నీ స్వయంగా గాలించాడు. నాయకుల పటాలు గుట్టలుగా దొరికాయి. కొందరికి మీసాలు కూడా గీసి ఉన్నాయి. రామలింగేశ్వరరావు గారి పటం మాత్రం ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. ఈ మాట వినగానే మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఒక్క పేదవాడు కూడా తమను అమ్ముకోలేదు. రాజకీయాల్లో ఇంతకన్నా ఏం కావాలి? వచ్చే ఆదివారమే గోడబస్తీకి వెళ్లి ఆ ప్రేమను కెమెరాల ముందు స్వీకరించాలని నిర్ణయించుకున్నారు.

ఆదివారం పదకొండింటికి చర్చి నుంచి క్లారా, సువార్తమ్మ అప్పుడే వచ్చి కూర్చున్నారు. డప్పులు వినబడ్డాయి. తలుపు దగ్గర చెప్పులు విప్పి మంత్రిగారు లోపలికి వచ్చారు, వెనక భీమశంకరం, వాళ్ల వెనక రెండు కెమెరాలు. క్లారా గోడ మీది పటం వైపు అడుగు వేసింది. దాన్ని దింపి దాచే వ్యవధి లేకపోయింది.

"ఏదమ్మా, నేనేడున్న?" అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా. గోడ మీద ఫ్రేము కనబడింది. నవ్వుతూ దగ్గరికి వెళ్లారు. నవ్వు అలాగే ఉంది గానీ, కనుబొమలు దగ్గరికొచ్చాయి. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు.

భీమశంకరం వారి భుజం మీదుగా తొంగిచూశాడు. ముద్ర చూశాడు, సంతకం చూశాడు, నంబరు చూశాడు. క్లారా వైపు వేలెత్తబోయి దించేశాడు. ఏదైనా సరే అన్నది ఎవరో ఆయనకు గుర్తుంది. వాకిట్లో బస్తీ అంతా చేరింది.

మంత్రిగారు అక్షరాల కింద వేలు పెట్టి పై నుంచి కింది దాకా ఒక్కో మాటా చదివారు. చాలా సేపు పట్టింది. చదవడం అయ్యాక కళ్లజోడు తీశారు.

"భీమశంకరం."

"సార్."

"గిది నా ఫాంటు కాదు గద?"

"కా... కాదు సార్."

"ఒత్తులు గూడ ఉన్నయి."

"ఉన్నాయి సార్."

"మరి నేనేడ ఉన్ననయా?"

సువార్తమ్మ కుర్చీ తెచ్చి వేసి, కొంగుతో దుమ్ము తుడిచింది.

"మీరు అటేపున్నారు బాబూ, గోడ వైపు. కూర్చోండి, మజ్జిగ తాగుదురుగాని."